పదో జోన్ ఇల్లు

కుళ్ళిన నిమ్మాకుని వేళ్ళ మధ్య నలిపి వాసన చూసే మనిషిని మీరెప్పుడైనా చూశారా? నేను చూశాను. ఆయన మా మామగారు. చలికి మాడిన ఆకు ముందు నల్లబడుతుంది, తర్వాత ఎండ తగిలేసరికి జిగురుజిగురుగా అయిపోతుంది. ఆ జిగురుని ఆయన బొటనవేలితో రాసి, ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసుకుని, "ఊఁ, నీళ్ళెక్కువ పోశారు" అంటారు. తర్వాత ఆ వేలు ఎక్కడ తుడుస్తారనుకున్నారు? ఎవరి మొక్కయితే వాళ్ళ గేటుకే. ఛీ!

మామగారు ఉద్యోగం చేసిన రోజుల్లో తూనికలు కొలతల ఇన్‌స్పెక్టరు. కొట్టు కొట్టుకీ తిరిగి, త్రాసులు లాక్కుని, ఎవడి తూకంలో ఎంత మోసం ఉందో పట్టుకునేవారు. రిటైరయ్యాక పట్టుకోవడానికి త్రాసులు దొరక్క మనుషుల మీద పడ్డారు. వీధంతా ఆయన్ని ఇప్పటికీ ఇన్‌స్పెక్టరుగారనే పిలుస్తుంది. వీధి తోటల సంఘానికి అధ్యక్షులు కూడా ఆయనే. మా పెరటి గోడ పక్కన ఒక కుర్చీ, ఆ గోడకి మేకు కొట్టి తగిలించిన ఒక థర్మామీటరు, ఇవీ అధ్యక్షులవారి ఆఫీసు.

రోజూ పొద్దున్నే మొహమైనా కడుక్కోకుండా వెళ్ళి అంకె చూసొస్తారు. మేమంతా కాఫీ తాగుతుంటే గొంతు సవరించుకుని చదువుతారు. "మూడు. సున్నాకి కింద కాదు, పైన. వింటున్నారా? పైన!" అదేదో సున్నాని ఆయనే మోకాలు అడ్డం పెట్టి ఆపినట్టు.

మా ఊళ్ళో చలికాలం అంటే బకెట్లో నీళ్ళు గడ్డకట్టేంత చలి. అందుకే నర్సరీలో ప్రతి కుండీకీ ఒక చీటీ కట్టి ఉంటుంది, ఆ మొక్క ఏ జోన్ చలి దాకా తట్టుకుంటుందో అంకె వేసి. జోన్ అంటే బ్రహ్మవిద్యేం కాదు. ఏ ఊళ్ళో చలి ఎంతదాకా దిగుతుందో ఏళ్ళ తరబడి కొలిచి పటం గీశారు. అంకె తగ్గేకొద్దీ చలి ఎక్కువ. పటంలో మా ఊరు ఎనిమిది. ఎనిమిదో, అంతకన్నా తక్కువో రాసున్న మొక్క కొనుక్కుంటే నాలుగు కాలాలపాటు బతుకుతుంది. పది అని రాసున్నది కొనుక్కుంటే చలికాలం దాటదు. చంటిపిల్లలకి కూడా అర్థమయ్యే సంగతి.

మా మామగారికి మాత్రం అర్థం కాలేదు. "పటం గీసినవాడు మనింటికొచ్చి కొలిచాడా? నేను కొలిచాను. మనది పదో జోన్" అనేవారు. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళంటే అదీ. అన్యాయం ఏమిటంటే, ఆయన కుందేలు ఆ మూడు కాళ్ళతోనే చక్కగా గెంతేది. పెరటి గోడకి ఆనుకుని ఆయన నాటిన నిమ్మ గడ్డమంచు రోజుల్లో కూడా పచ్చగా ఉండేది. మందారం మొగ్గ వేసేది. కాగితం పూల తీగ అయితే గోడెక్కి, అవతలి బేకరీ రేకుల మీదికి పాకింది. నర్సరీ ఆవిడ స్వయంగా వచ్చి చూసి నోరెళ్ళబెట్టింది.

ఇంకేముంది, వీధి వీధంతా పదో జోన్ మొక్కలు కొనడం మొదలుపెట్టింది. చలి వెళ్ళేసరికి అన్నీ చచ్చేవి, మా పెరట్లోవి తప్ప. మామగారు చేతులు వెనక్కి కట్టుకుని ఇంటింటికీ వెళ్ళి శవపరీక్ష చేసేవారు. ఒకరు నీళ్ళెక్కువ పోశారు, ఒకరు ఎరువు తక్కువ వేశారు, ఒకరు గొయ్యి సరిగ్గా తియ్యలేదు. ఏ తప్పూ దొరక్కపోతే ఆఖరి మాట ఒకటి ఉంది ఆయన దగ్గర: "హస్తవాసి లేదమ్మా." హస్తవాసిని ఏ త్రాసులో తూస్తారు? ఎవరు కాదనగలరు?

ఒకసారి తెల్లారగట్ల చెత్త పడేయడానికి వీధి చివరి తొట్టె దగ్గరికి వెళ్ళాను. మూత తీస్తే గుప్పున కంపు. తొట్టె నిండా నల్లగా కుళ్ళిన నిమ్మలు, మందారాలు. ఎదురింటావిడ శాలువా కప్పుకుని, ఒక సంచీ దాచుకుంటూ వస్తోంది. నన్ను చూసి ఠక్కున ఆగిపోయింది. "మాది కాదమ్మా, పనమ్మాయి ఇచ్చింది పారేయమని" అంది. వాళ్ళింట్లో పనమ్మాయే లేదు. ఇలా ఎవరికి వాళ్ళు తమ చెయ్యే మంచిది కాదేమోనని సిగ్గుపడి, శవాన్ని దాచినట్టు దాచి పారేసి, మళ్ళీ అదే మొక్క కొని తెచ్చుకునేవాళ్ళు. పైకి మాత్రం "మా నిమ్మ బ్రహ్మాండంగా ఉందండీ ఇన్‌స్పెక్టరుగారూ!" నాకు ఆ కుళ్ళు కంపు కంటే ఈ కంపే ఎక్కువ కొట్టింది.

పోనీ, వాళ్ళ డబ్బు, వాళ్ళ సరదా, కందకి లేని దురద కత్తిపీటకెందుకని నేను నోరు మూసుకునేదాన్నే. కానీ ఈ హస్తవాసి గొడవ వచ్చి వచ్చి మా చిన్నమ్మాయి నెత్తిన పడింది.

చిన్నమ్మాయంటే నా తోటికోడలు. పళ్ళడాక్టరు దగ్గర పనిచేస్తుంది. పట్కార్లు, అద్దాలు, సూదులు మరిగించి, తుడిచి, వరసగా పేర్చడం దాని పని. పొద్దస్తమానం వేడినీళ్ళలో, మందునీళ్ళలో ఉండి దాని చేతులు గరుగ్గా అయిపోయాయి. దానికి రెండుసార్లు కడుపు పోయింది. రెండోసారి తర్వాత డాక్టరు ఇక వద్దన్నాడు. చాలాకాలం ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు పిల్లల్ని పెంపకానికిచ్చే సంస్థకి వెళ్ళొచ్చి, వంటింట్లో నా భుజం పట్టుకుని, "అక్కా, ఒక పాప ఉంది. నా వేలు పట్టుకుంది చూడు, ఎంతకీ వదల్లేదు. వాళ్ళే విడిపించాల్సొచ్చింది" అంది. ఆ వేలు నాకు చూపించింది కూడా, అక్కడేదో గుర్తు మిగిలినట్టు.

ఆ సంస్థ వాళ్ళకి ఒక నియమం ఉంది. వాళ్ళ మేడమ్ ఇంటికొచ్చి చూస్తుంది. ఇంట్లో ఉండే పెద్దలు తమ నోటితో సరేననాలి. ఒక్కరు కాదన్నా బిడ్డనివ్వరు. మంచి నియమమే, పెద్దలు మంచివాళ్ళయితే.

భోజనాల దగ్గర మా మరిది నసుగుతూ నసుగుతూ సంగతి చెప్పాడు. మామగారు నింపాదిగా నమిలి, మింగి, నీళ్ళు తాగి, అప్పుడన్నారు: "మొక్కనే బతికించలేని చెయ్యి బిడ్డనేం బతికిస్తుంది?"

చిన్నమ్మాయి రెండు చేతులూ బల్ల కిందికి దాచేసుకుంది. ఆయన అక్కడితో ఆగారా? లేదు. ఇన్‌స్పెక్టరు కదా, పరీక్ష పెట్టకుండా వదుల్తారా! "ముందరి జాగాలో మొక్కలు నాటు. నిమ్మ, మందారం, కాగితం పూలు, నేను పెంచినవే. చలి దాటి బతికితే ఆ మేడమ్‌ని పిలు, నోరారా సరేనంటాను. బతక్కపోతే ఈ మాట మళ్ళీ ఇంట్లో ఎత్తకూడదు."

"అదేం పరీక్ష మామయ్యగారూ? మొక్కకీ బిడ్డకీ సంబంధం ఏమిటి?" అన్నాను.

"రెండూ ప్రాణాలే కదమ్మా" అన్నారు, ఎంతో దయగలవాడిలా. థూ!

మా మరిది ప్లేటులోకి చూస్తూ నమిలాడు. మా మరిదికి చెప్పినా ఒకటే, గోడకి చెప్పినా ఒకటే. గోడే నయం, నీడైనా ఇస్తుంది. మా ఆయన సంగతంటారా, ఊళ్ళు తిరిగే ఉద్యోగం. ఫోన్లో "నాన్నగారి స్వభావం తెలిసిందేగా" అంటారు. తెలిసిందే. తెలిసి ఏం చేశాం?

నర్సరీకి మామగారే దగ్గరుండి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను. నర్సరీ ఆవిడ చిన్నమ్మాయి మొహం చూసి జాలిపడిందో ఏమో, "ముందరి జాగాకా అమ్మా? అక్కడ గాలి సూటిగా కొడుతుంది కదా. ఇదిగో, ఈ వరస చూడు, అన్నీ ఎనిమిదీ, ఏడూ. ఈ గులాబీ మహా మొండిది, మంచులో కప్పెట్టినా చావదు" అంది. చిన్నమ్మాయి ఆ గులాబీ కుండీ చేతిలోకి తీసుకుంది. మామగారు ఆ కుండీ దాని చేతిలోంచి తీసి, మళ్ళీ వరసలో పెట్టేశారు. "మొండివి ఎవరైనా బతికిస్తారు. అందులో చెయ్యి గొప్ప ఏముంది?" అని, పది అని చీటీ కట్టున్నవి ఏరి బండిలో పెట్టించారు. నర్సరీ ఆవిడ నావైపు చూసి పెదవి విరిచింది.

చిన్నమ్మాయి వాటిని చంటిపిల్లల్ని చూసినట్టు చూసింది. డ్యూటీకి వెళ్ళేముందు ఒకసారి, వచ్చాక ఒకసారి వంగి ఆకు ఆకునీ పలకరించేది. చలి ముదురుతుంటే నా దగ్గరికొచ్చి, మిగిలిన గుడ్డముక్కలుంటే ఇమ్మంది. నేను కర్టెన్లు కుడతాను, మందపాటి గుడ్డ ముక్కలు ఎప్పుడూ ఉంటాయి. ఇద్దరం కూర్చుని మొక్కలకి తొడుగులు కుట్టి కప్పాం. పొద్దున లేచి చూస్తే తొడుగులన్నీ మడతపెట్టి గుమ్మంలో ఉన్నాయి.

"తీసింది నేనే" అన్నారు మామగారు. "త్రాసు పళ్ళెం కింద చింతపండు ముద్ద అంటించే వాళ్ళని జీవితమంతా చూశాను. నా ఇంట్లో ఆ పని కుదరదు."

ఆ వారంలోనే గడ్డమంచు పేరింది. ముందు మందారం వాలిపోయింది. తర్వాత కాగితం పూల తీగ. ఆఖరికి నిమ్మ. కొమ్మలన్నీ ఉడకబెట్టిన ఆకుకూరలా నల్లగా వేలాడిపోయాయి. మామగారు కాఫీ తాగేసి, తీరిగ్గా వచ్చారు. ఆకు తుంచారు. నలిపారు. వాసన చూశారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను, ఈసారి గేటుకి తుడుస్తారేమోనని. తుడవలేదు.

"చెయ్యి చాపమ్మా" అన్నారు.

చిన్నమ్మాయి అమాయకంగా చాపింది. ఆయన ఆ నల్లటి జిగురంతా దాని అరచేతిలో రాశారు. "చూసుకో. ఇదీ నీ హస్తవాసి."

నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకుని బయటికి పరుగెత్తేసరికి ఆయన లోపలికి వెళ్ళిపోయారు. అది మాత్రం అరచెయ్యి అలాగే చాపి నిలబడి ఉంది, ఎవరో ఏదో పట్టుకోమని ఇచ్చి వెళ్ళినట్టు.

ఆ చెయ్యి అది ఎన్నిసార్లు కడుక్కుందో నాకు తెలియదు. సబ్బు అరిగిపోయింది. సాయంత్రం నా కుట్టుమిషన్ పక్కన కూర్చుని, "అక్కా, ఆ మేడమ్‌కి ఫోన్ చేసి రావద్దని చెప్పేస్తావా? నాకు నోరు రావట్లేదు" అంది.

"పిచ్చిగా మాట్లాడకు. ఆయనెవరు నీ చేతికి మార్కులెయ్యడానికి?"

"ఆయన మాట వదిలెయ్ అక్కా. నాకే భయంగా ఉంది. కడుపులోవీ నిలవలేదు, మట్టిలోవీ నిలవలేదు. ఆ పాప ఎక్కడున్నా బతుకుతోంది కదా. తెచ్చుకుని..."

ఒళ్ళు మండిపోయింది నాకు. ఆయన అన్నందుకు కాదు, ఈ పిల్ల దాన్ని నమ్మినందుకు. "ఒక వారం ఆగు" అన్నాను. వారం ఆగితే ఏం జరుగుతుందో నాకేం తెలుసు? ఏదో ఒకటి అనాలి కదా అని అన్నాను.

ఆ మర్నాడే బేకరీ ఆయన గేటు దగ్గర కనిపించాడు. కనుబొమ్మల మీద ఎప్పుడూ పిండి ఉండే మనిషి, ఆ రోజు నల్లటి మసి ఉంది. "పొయ్యి ఇటుకలు కూలిపోయాయమ్మా. మేస్త్రీ వచ్చి కట్టేదాకా బ్రెడ్డు లేదు" అన్నాడు. అయ్యో పాపం అన్నాను. అంతకుమించి నాకేమీ తట్టలేదు.

కర్టెన్ గుడ్డని కొయ్యకముందు తడిపి ఆరెయ్యాలి, లేకపోతే కుట్టాక కుంచించుకుపోతుంది. చలికాలంలో నేనెప్పుడూ పెరటి గోడ వారన తాడు మీదే ఆరేస్తాను. ముందర ఆరేస్తే మూడు రోజులైనా తడి పోదు, గోడ వారన అయితే తెల్లారేసరికి పొడిపొడి. కాపురానికొచ్చిన కొత్తలోనే కనిపెట్టాను. బేకరీ పిల్లి కూడా కనిపెట్టింది, ఆ గోడ మీద తప్ప పడుకోదు. మామగారు మాత్రం నా గుడ్డలు మొక్కలకి అడ్డమొస్తున్నాయని రోజూ సణిగేవారు. ఆ రోజూ ఆరేశాను. తెల్లారి వెళ్ళి చూస్తే గుడ్డ తలుపు చెక్కలా బిగుసుకుపోయి ఉంది. తట్టితే టకటకమంది.

నేను గుడ్డ వంక చూస్తూ నిలబడ్డాను. పక్కనే మామగారు థర్మామీటరు వంక చూస్తూ నిలబడ్డారు. దాన్ని గోటితో కొట్టారు. ఊదారు. తిరగేసి మళ్ళీ చూశారు.

"చెడిపోయింది. మైనస్ చూపిస్తోంది, వెధవది!" అని, లోపల అట్టపెట్టెలో దాచుకున్న కొత్తది తెచ్చి తగిలించారు. కొత్తదీ అదే చూపించింది. ఆయన మొహంలో రంగు పోయింది. మొక్కలవైపు తిరిగారు. నిమ్మాకులు అప్పటికే చివర్లు వేలాడేస్తున్నాయి. మర్నాటికి మందారం నల్లబడింది. ఆ మర్నాటికి పెరడంతా వీధి చివరి తొట్టె కంపే. జిగురు కారుతున్న ఆ ఆకుల మధ్య ఆయన కుర్చీలో కూర్చుని ఉన్నారు. నిజం చెప్పాలంటే నాకు జాలేసింది. ఒక్క నిమిషం.

ఎందుకంటే ఆ నిమిషం తర్వాత చిన్నమ్మాయి కాఫీ గ్లాసు పట్టుకుని పెరట్లోకి వచ్చింది. ఆయన తలెత్తి, "మొన్న ఇటువైపు వచ్చావా నువ్వు?" అన్నారు.

"కాఫీ ఇవ్వడానికి వచ్చాను మామయ్యా."

"మొక్కల్ని ముట్టుకున్నావా?"

"లేదు. తీగ పైటకి తగులుకుంటే విడిపించుకున్నాను, అంతే."

"అదే! అదే అనుకున్నాను!" అని తొడ మీద చరుచుకున్నారు. ఆయన మొహంలోకి మళ్ళీ రంగు వచ్చింది. ఆడలేక మద్దెల ఓడన్నారంటే విన్నాం. ఈయన మద్దెల పక్కనుంచి నడిచివెళ్ళిన మనిషిని పట్టుకున్నారు!

చిన్నమ్మాయి పొగలు కక్కే గ్లాసుని రెండు అరచేతులతో గట్టిగా పట్టుకుంది. అప్పుడు చూశాను నేను. గ్లాసు చూశాను, గుడ్డ చూశాను, గోడ చూశాను. గోడ మీద పిల్లి లేదు. వెళ్ళి గోడ మీద అరచెయ్యి పెట్టాను. చల్లగా, రాయిలా ఉంది. ఇన్నేళ్ళలో ఆ గోడ చల్లగా ఉండగా నేనెప్పుడూ ముట్టుకోలేదు.

"మామయ్యగారూ, లేవండి" అన్నాను.

"ఏమిటి?"

"లేవండి. ఇక్కడ చెయ్యి పెట్టండి."

ఆయన లేవలేదు. నేనే వెళ్ళి ఆయన మణికట్టు పట్టుకుని లేపాను. మామగారి చెయ్యి కోడలు అలా పట్టుకోవచ్చా అంటారేమో, పట్టుకున్నాను. లాక్కెళ్ళి గోడకి అదిమాను. "ఎలా ఉంది?"

"చల్లగా ఉంది. చలికాలం, చల్లగా ఉండక..."

"ఇన్నేళ్ళూ ఎలా ఉండేది? మీ కుర్చీ ఇక్కడే ఎందుకేసుకున్నారు? వీపు వెచ్చగా ఉంటుందని కాదూ? నా గుడ్డలిక్కడే ఎందుకారేవి? ఈ గోడకి అవతల ఏముంది?"

అవతల నుంచి మేస్త్రీ సుత్తి చప్పుడు వినిపిస్తోంది. గోడ మీంచి బేకరీ ఆయన తల పైకి వచ్చింది. "ఏమ్మా, చప్పుడెక్కువగా ఉందా? రేపటితో అయిపోతుంది. ఎల్లుండి మళ్ళీ పొయ్యి వెలిగిస్తాను" అన్నాడు. వాడిన తీగ చూసి, "అయ్యో, పూలన్నీ పోయాయే! మా పొయ్యి ఆరిపోబట్టేనా? మా పనివాళ్ళనేవారు, ఇన్‌స్పెక్టరుగారి తోటని మనమే కాల్చి పెంచుతున్నామని" అని నవ్వాడు.

తెల్లవారుజామున, ఊరంతా గడ్డకట్టే సమయానికే, ఆ పొయ్యి భగభగ మండుతూ ఉంటుంది. సరిగ్గా ఆ వేడి గోడకే మా ఇన్‌స్పెక్టరుగారు థర్మామీటరు తగిలించి, మనది పదో జోన్ అని ఊరికి చాటారు. జన్మంతా ఊళ్ళోవాళ్ళ త్రాసులు పట్టుకున్న మనిషి!

ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నారు. చిన్నమ్మాయి గ్లాసు కింద పెట్టి, ఆయన చెయ్యి పెట్టినచోట తన చెయ్యి పెట్టింది. చాలాసేపు తియ్యలేదు. బేకరీ మళ్ళీ వెలిగిన రోజున, పొద్దున్నే నా కంటే ముందు పెరట్లోకి వెళ్ళి, రెండు అరచేతులూ గోడకి ఆనించి నిలబడి ఉంది. గోడ వెచ్చబడింది. "అక్కా, నా చెయ్యి కాదు" అంది. "అక్కా, నా చెయ్యి కాదు!" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, ఏమో, ఆపుకోలేకపోయాను.

ఇక్కడితో ఆయన సిగ్గుపడి ఊరుకున్నారని చెప్పగలిగితే బావుండేది. సాయంత్రం గేటు దగ్గర ఎదురింటావిడతో మాట్లాడుతున్నారు. నేను కర్టెన్ల మూట పట్టుకుని మెట్ల మీద ఉన్నాను.

"మొక్కలు పోయాయటగా ఇన్‌స్పెక్టరుగారూ?"

"ఆఁ. చిన్నకోడలి చెయ్యి తగిలింది. ఏం చేస్తాం, ఇంట్లో మనిషిని పొమ్మనలేం కదా."

"అయ్యో. మరి మన జోను..."

"పదే. అందులో సందేహం లేదు. ఈసారి కూడా అవే తెప్పిస్తున్నాను."

తెలియక చేసిన తప్పుని ఎలాగైనా క్షమించవచ్చు. తన అరచేత్తో గోడ తడిమి చూసి, నిజం తెలిసి, రెండు రోజులకే ఆ మాట అన్నారే! నాకు ఆ మనిషి తాగిన గ్లాసు కడగాలన్నా అసహ్యం వేసింది. చిన్నమ్మాయికి చెప్పాను, దాచలేదు. అది అంతా విని, "అలాగా" అంది. ఏడుస్తుందనుకున్నాను. "మేడమ్‌ని ఆదివారం రమ్మని చెప్పాను అక్కా" అంది.

ఈలోగా కొత్త మొక్కలు వచ్చాయి. మామగారు వాటిని గోడ వారన నాటలేదు. భయం పుట్టినట్టుంది, పొయ్యి మళ్ళీ ఆరితే? గోడకి ఇవతల ఆనుకుని మా ఇంట్లో ఒక గది ఉంది. మట్టి బస్తాలు, పారలు పెట్టుకుంటారు. ఇంట్లోకెల్లా వెచ్చని గది. కుండీలన్నీ గుట్టుచప్పుడు కాకుండా ఆ గదిలో చేర్చి, తలుపుకి గొళ్ళెం పెట్టారు. పొద్దున్న ఎండ రాగానే బయటికి తెచ్చి పెరట్లో పేరుస్తారు, సాయంత్రం ఎవరూ చూడకుండా లోపలికి మోస్తారు. చూసినవాళ్ళకి మాత్రం "చూశారా, పదో జోన్!" పైగా సంఘం వాళ్ళందరినీ ఆదివారం పొద్దున్న తోట చూడ్డానికి పిలిచారు. మేడమ్ సంగతి ఆయనకి మేం చెప్పలేదు. ఎందుకు చెప్పాలి?

ఆదివారం ఎండ ఇంకా రాలేదు, కుండీలింకా గదిలోనే ఉన్నాయి, గేటు మీద కూడా మంచు తెల్లగా పేరి ఉంది. ఎదురింటావిడ, ఇంకో నలుగురైదుగురు శాలువాలు కప్పుకుని ముందరి జాగాలో నిలబడి చలికి నోటివెంట పొగలు కక్కుతున్నారు. మామగారు కోటు వేసుకుని వాళ్ళకి ఉపన్యాసం మొదలుపెట్టారు. అప్పుడే మేడమ్ ఆటో దిగింది. నేను ఎదురెళ్ళాను.

చిన్నమ్మాయి ఇంట్లోంచి వచ్చింది. చేతుల్లో నిమ్మ కుండీ. తెచ్చి, మెట్ల పక్కన, గాలి సూటిగా కొట్టే చోట పెట్టింది. లోపలికి వెళ్ళింది. మందారం కుండీ తెచ్చింది. దాని పక్కన పెట్టింది. కాగితం పూల కుండీ తెచ్చింది.

మామగారి మాట మధ్యలో ఆగిపోయింది. "అమ్మాయ్, ఏం చేస్తున్నావ్? ఇవెందుకు బయటికి తెస్తున్నావ్?"

"గది ఖాళీ చేస్తున్నాను మామయ్యా. పాపకి కావాలి. ఇంట్లో ఆ ఒక్క గదే వెచ్చగా ఉంటుంది, అవతల బేకరీ పొయ్యి ఉంది కదా" అని మేడమ్ వైపు తిరిగింది. "రండి మేడమ్, గోడ ముట్టుకుని చూద్దురుగాని."

ఎదురింటావిడ నిమ్మ కుండీ వంక చూసింది, చీటీ వంక చూసింది, మా ఇంటి వంక చూసింది. "గదిలోనా? ఇవి గదిలో పెడుతున్నారా?" అంది. పక్కనున్నాయన బేకరీ పొగగొట్టం వైపు తలెత్తి చూశాడు.

మామగారు వంగి నిమ్మ కుండీని రెండు చేతులా ఎత్తుకున్నారు. లోపలికి వెళ్దామని అడుగు వేస్తే, గుమ్మానికి అడ్డంగా చిన్నమ్మాయి ఉంది. దాని పక్కన నేనున్నాను. చిత్రం, మా మరిది కూడా వచ్చి నా పక్కన నిలబడ్డాడు, మాట్లాడకపోయినా.

మేడమ్ చూసి, "ఇంటి పెద్ద మీరేనా? పాప విషయంలో మీకు అభ్యంతరమేమైనా ఉందా?" అని అడిగింది.

"మొక్కనే బతికించలేని చెయ్యి అన్నారు కదా మామయ్యా, ఆ మాట మేడమ్‌కి చెప్పండి" అంది చిన్నమ్మాయి. "వీళ్ళందరికీ కూడా చెప్పండి, వాళ్ళ మొక్కలెందుకు చచ్చిపోయాయో. లేకపోతే గది ఇవ్వండి."

మామగారు అందరి మొహాలూ చూశారు. కుండీని పొట్టకి ఇంకాస్త అదుముకున్నారు. "నాకేం అభ్యంతరం లేదండీ" అన్నారు, నేలకేసి చూస్తూ.

"కాస్త గట్టిగా చెప్పండి" అంది మేడమ్.

"సరేనంటున్నాను కదా! గది వాళ్ళకే" అన్నారు. తర్వాత చిన్నమ్మాయి వైపు తిరిగి, ఆ ఇంట్లో మొదటిసారి దాన్ని బతిమాలుతున్నట్టు గొంతు తగ్గించి అడిగారు. "మరి ఇవి ఎక్కడ పెట్టుకోనమ్మా? చలికి చచ్చిపోతాయి."

చిన్నమ్మాయి మేడమ్‌ని లోపలికి రమ్మని పక్కకి తప్పుకుంది. "బయటే పెట్టుకోండి మామయ్యా" అంది. "మనది పదో జోన్ కదా."